స్కూల్ అయిపోయాక మా తమ్ముడు కొత్త చోటికి అలవాటు పడేదాకా - నా అనుభవం

ఆటిజం ఉన్న పిల్లలకి స్కూల్ ఉన్నన్నాళ్లూ రోజు ఎలాగోలా గడుస్తుంది, అసలు కష్టమంతా ఆ తర్వాతే అని చాలామంది పేరెంట్స్ అనగా విన్నా. మా తమ్ముడికి 18 నిండి స్కూల్ ముగిసే టైమ్ దగ్గర పడ్డాక అది మాకూ అర్థమైంది. వాడికి మాటలు తక్కువ, ఏం కావాలన్నా బొమ్మల కార్డులతో, ట్యాబ్‌తో చెప్తాడు, మనం మాట్లాడేది మాత్రం దాదాపు అంతా తెలుస్తుంది. ఒక వొకేషనల్ సెంటర్‌లో సీటు దొరికింది, వాడు అక్కడ కుదురుకునేదాకా ఏమేం చేశామో రాస్తున్నా, ఇదే స్టేజ్‌లో ఉన్న ఇంకెవరికైనా పనికొస్తుందని.

స్కూల్ ఆఖరి నెలల్లోనే వాడికి నిద్ర చెడిపోయింది, చెయ్యి కొరుక్కోవడం మొదలైంది. టెన్షన్ వల్లేలే అన్నారు అందరూ. అమ్మ మాత్రం ముందు డాక్టర్‌కి చూపిద్దాం అని పట్టుబట్టింది, అమ్మదే కరెక్ట్. నొప్పి అని నోటితో చెప్పలేనివాళ్లకి పంటినొప్పి వచ్చినా, మలబద్ధకం వచ్చినా బయటికి ఇలాగే కనిపిస్తుంది, పైగా ఆటిజం ఉన్న కొందరికి టీనేజ్‌లో ఫిట్స్ మొదలయ్యే అవకాశం కూడా ఉంది, అందుకని ఒంట్లో ఏం లేదని తేలాకే మిగతా కారణాలు వెతకడం మంచిది. మావాడికి ఒంట్లో ఏం లేదు, కారణం గోడ మీద ఉంది. వాడి క్యాలెండర్‌లో ప్రతి రోజూ స్కూల్ బొమ్మ అతికించి ఉంటుంది, ఆఖరి రోజు తర్వాత గళ్లన్నీ ఖాళీ. వాడు ఆ ఖాళీ గళ్ల మీద వేలు పెట్టి మా మొహాలు చూసేవాడు, అంటే అడుగుతున్నాడు కదా, ఆ తర్వాత ఏంటి అని!

ఆ గళ్లు నింపడంతోనే మొదలుపెట్టాం. సెంటర్ గేటు, చెప్పులు వదిలే చోటు, వాడి కుర్చీ, బాత్రూమ్, పని నేర్పే మేడమ్ మొహం, అన్నీ ఫొటోలు తీసి చిన్న పుస్తకం చేశాం. సోషల్ స్టోరీ అంటారే, 1990ల మొదట్లో కెరోల్ గ్రే అనే అమెరికన్ టీచర్ మొదలుపెట్టిన పద్ధతి, అదే. అందులో "అల్లరి చెయ్యకూడదు, బుద్ధిగా ఉండాలి" లాంటివి రాయకూడదు, అక్కడ ఏం జరుగుతుందో, ఎవరుంటారో, కష్టంగా అనిపిస్తే ఏం చెయ్యొచ్చో అంతే. జరుగుతుందని గ్యారంటీ లేనిదాన్ని "ఒక్కోసారి జరగొచ్చు" అనే రాశాం, ఎందుకంటే మావాడు పుస్తకంలో ఉన్నది అక్షరాలా నమ్ముతాడు.

మొదటిసారి సెంటర్‌లో ఎవరూ లేనప్పుడు తీసుకెళ్లాం, తర్వాత కాసేపు, తర్వాత సగం రోజు. అంతా బానే ఉంది గానీ బాత్రూమ్ వైపు మాత్రం రానంటాడు. చూస్తే చేతులు ఆరబెట్టే మెషీన్, దాని చప్పుడు వాడికి భరించలేనిది. "అంత చిన్న చప్పుడుకేనా" అన్నారు అక్కడొకరు. ఇది పేచీ కాదండీ, చప్పుళ్లు, వెలుతురు, వాసనలు కొందరికి మరీ ఎక్కువగా, కొందరికి మరీ తక్కువగా తెలియడం అనేది డాక్టర్లు ఇలాంటివి గుర్తించడానికి వాడే డీఎస్ఎం-5 అనే అమెరికన్ పుస్తకంలో, 2013లో వచ్చినదాంట్లో, ఆటిజం లక్షణాల్లోనే రాసి ఉంది అని చెప్పా. మెషీన్ ఆపేసి టవల్ పెట్టారు, వాడు వెళ్లడం మొదలుపెట్టాడు.

అక్కడే నాకు బాగా అర్థమైంది, వాడిని సెంటర్‌కి రెడీ చేస్తే సగం పనే అయినట్టు, సెంటర్‌ని వాడికి రెడీ చెయ్యడం మిగతా సగం. డేమియన్ మిల్టన్ అని ఆటిజం ఉన్న పరిశోధకుడే ఒకాయన 2012లో ఇదే విషయం రాశారు, ఆటిజం ఉన్నవాళ్లకి మనం అర్థం కాకపోవడం ఎంత ఉందో మనకి వాళ్లు అర్థం కాకపోవడమూ అంతే ఉంది, లోపమంతా ఒకవైపే వేస్తే ఎలా అని. అందుకని వాడి గురించి ఒక పేజీ రాసిచ్చాం. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, వెంటనే మళ్లీ అడిగితే వాడు మొదటినుంచి ఆలోచించుకోవాలి. కళ్లలోకి చూడమనొద్దు. ఊగుతుంటే ఆపొద్దు, అది వాడు తనని తాను నిలబెట్టుకునే పద్ధతి. హమ్మింగ్ పెరుగుతుంటే బయటికి తీసుకెళ్లండి. "వద్దు" కార్డు చూపిస్తే వద్దనే అర్థం, దాన్ని కచ్చితంగా లెక్కలోకి తీసుకోండి. ఈ చివరిదాని మీద నేను గట్టిగా నిలబడ్డా, చిన్నప్పటినుంచీ ఎవరేం చెప్తే అది చెయ్యడమే నేర్పి వద్దనడం నేర్పకపోతే రేపు ఎవరైనా వాడిని ఇబ్బంది పెట్టినా ఊరుకుంటాడు.

ఒకరోజు పని గది సడన్‌గా మార్చారు, వాడికి మెల్ట్‌డౌన్ వచ్చింది, అంటే ఇక తట్టుకోలేక పూర్తిగా అదుపు తప్పిపోవడం, నేల మీద పడి తల కొట్టుకున్నాడు. చుట్టూ చేరి అందరూ సముదాయిస్తున్నారు, అలాంటప్పుడు ఒక్కో మాటా ఒక్కో బరువు. నేను వెళ్లి అందర్నీ దూరం జరగమని, లైట్లు తీసేసి, తల కింద దిండు పెట్టి, ఏం మాట్లాడకుండా పక్కన కూర్చున్నా. ఏదో సాధించుకోవడానికి చేసేదైతే అడిగింది ఇస్తే ఆగుతుంది, ఇది అలా ఆగదు, దానంతటది తగ్గాలి, తగ్గాక తిట్టడం గానీ లెక్చర్ ఇవ్వడం గానీ ఉండకూడదు.

ఆ తర్వాత "మార్పు" కార్డు ఒకటి చేశాం. ముందు ఇంట్లో మంచి మార్పులకే వాడాం, హోంవర్క్ బొమ్మ తీసేసి ఆ కార్డు, పక్కన వాడికిష్టమైన ఉయ్యాల బొమ్మ. మార్పు అంటే ప్రతిసారీ చెడ్డదే కాదని తెలిశాకే చిన్న చిన్న నచ్చని మార్పులకి వాడాం. మాకు అన్నిటికన్నా పనిచేసింది ఇదే.

సాయంత్రాలు కూడా ఖాళీగా పెట్టేశాం. రోజంతా ఓర్చుకుని ఇంటికి రాగానే కూలబడిపోతాడు, అప్పుడు థెరపీ, చుట్టాలు, ప్రశ్నలు ఏవీ పెట్టం. నాన్నకి మొదట్లో నచ్చలేదు, టైమ్ వేస్ట్ అవుతోందని, ఇప్పుడు ఆయనే ఆ టైమ్‌లో టీవీ కట్టేస్తారు. అమ్మకి వారంలో ఒక సాయంత్రం పూర్తిగా సెలవు, ఆరోజు వాడితో నేనుంటా.

ఇప్పుడు సెంటర్‌కి రోజూ వెళ్తున్నాడు, కవర్లలో వస్తువులు సర్దే పని నచ్చింది, లెక్క అస్సలు తప్పడు. కానీ మేడమ్ ఒక్కరితోనే చేస్తాడు, ఆవిడ సెలవు పెడితే ఎలా? అందుకే రెండో ఆవిడ ఫొటో కూడా పుస్తకంలో పెట్టాం, ఈ వారం నుంచి ఇద్దరూ కలిసి వాడి పక్కన కూర్చుంటున్నారు.