ఎడమచేతి వాటం, కుడిచేతి నియమం

నాది ఎడమచేతి వాటం. నాయనమ్మ మొట్టికాయలకు భయపడి అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకున్నాను గానీ, పెన్ను మాత్రం ఎడమచేతిని వదల్లేదు. 1998లో ఇంటర్ కాలేజీలో ఎం.పి.సి.లో చేరాక పక్కవాడి మోచెయ్యీ నా మోచెయ్యీ రోజూ పోట్లాడుకునేవి. చివరికి నన్ను బెంచీ ఎడమ కొసకు తోసేశారు.

సదిశలంటే పరిమాణంతో పాటు దిక్కు కూడా ఉండే రాశులు (వెక్టర్లు). ఆ పాఠంలో రెండు సదిశల్ని గుణించే పద్ధతులు రెండు. బిందులబ్ధంతో (డాట్ ప్రొడక్ట్) పేచీ లేదు, జవాబుగా ఒక సంఖ్య వస్తుంది, అంతే. టెన్షనంతా వజ్రలబ్ధంతోనే (క్రాస్ ప్రొడక్ట్). దాని జవాబు ఆ రెండింటికీ లంబంగా ఉండే మరో సదిశ. దానికి దిక్కు కూడా చెప్పాలి. లెక్కల సారు కుడిచెయ్యి చాపి, "వేళ్ళు మొదటి సదిశ వైపు ఉంచి రెండోదాని వైపు ముడవండి, బొటనవేలు చూసేదే లబ్ధం దిక్కు" అన్నారు. ఐ, జె, కె అంటే ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు అక్షాల వెంబడి ఒక్కో యూనిట్ పొడవున్న సదిశలు. ఐ క్రాస్ జె అంటే కె. వరుస మారిస్తే మైనస్ కె.

మర్నాడు స్లిప్ టెస్టులో క్లాసులో చాలామందికి గుర్తు తిరగబడింది. సారుకు అంతుపట్టలేదు. మళ్ళీ రాయమని, బెంచీల మధ్య తిరుగుతూ చూసి పకపకా నవ్వారు. అందరి కుడిచేతిలో పెన్ను ఉంది, ఖాళీగా ఉన్న ఎడమచేతి వేళ్ళు ముడిచి చూసుకుంటున్నారు! నా కుడిచెయ్యి ఒక్కటే ఖాళీ. ఆ వారమంతా నా నడకే మారిపోయింది.

వజ్రలబ్ధాన్ని అంకెలతో లెక్కగట్టే నిర్ధారకం (డిటర్మినెంట్) పద్ధతి వచ్చాక ఆ గర్వం దిగింది. (1, 2, 3), (4, 5, 6)ల వజ్రలబ్ధానికి నేను (-3, -6, -3) అని రాశాను. ఆ పద్ధతిలో మధ్య పదమైన జె ముందు మైనస్ పెట్టాలని మర్చిపోయాను. సారు కొట్టివేయలేదు. "దీన్ని మొదటి సదిశతో బిందులబ్ధం చేసి చూడు" అన్నారు. ఒకే స్థానంలోని అంకెల్ని గుణించి కూడితే -3-12-9, మొత్తం -24. లంబంగా ఉంటే సున్నా రావాలి కదా! మధ్యలో 6 పెట్టగానే వచ్చింది. రెండో సదిశతోనూ సున్నాయే. ఆ తర్వాత ఆ అధ్యాయంలో జవాబు సరిచూసుకోవడానికి గైడు తెరవలేదు.

ఇప్పుడు హైదరాబాదులో త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. అందులో ప్రతి ఉపరితలమూ త్రిభుజాల ముక్కలే. ముక్క ఎటు చూస్తోందో దాని రెండు భుజాల వజ్రలబ్ధమే చెబుతుంది. మూలల వరుస తిరగబడితే అది వీపు తిప్పిందనుకుని కంప్యూటర్ గీయడమే మానేస్తుంది. మొన్న ఒక ఇంటికి గోడ మాయమైంది. గంటసేపు వెతికి, మౌసు వదిలి, తెర ముందు కుడిచెయ్యి చాపి వేళ్ళు ముడిచాను.

"ఎవర్ని పిలుస్తున్నారు సార్?" అని అడిగింది పక్క సీటమ్మాయి.