చెల్లె లాప్‌టాప్ బ్యాటరీ ముచ్చట

మా చెల్లె లాప్‌టాప్ 30 శాతం చూపెట్టుకుంటనే టక్కున బందైతుండె, కొత్త బ్యాటరీకి మిర్యాలగూడ పోదామంటే ఆగు, ముందుగాల క్యాలిబ్రేట్ చేసి, అంటే బ్యాటరీ శాతం లెక్క సరిచేసి చూద్దామన్న. 100 దాక ఎక్కిచ్చి, 2 గంటలు చల్లారనిచ్చి, ప్లగ్ పీకి దానంతటదే బందయ్యేదాక వాడి, మళ్ల మధ్యల ఆపకుండ ఫుల్ చార్జ్ పెట్టినం. ఇప్పుడు శాతం సక్కగ చూపెడ్తుంది, మస్తు ఖుషీ అయింది. దీంతోని బ్యాటరీ బలం పెరగదు, లెక్క మాత్రమే సరైతది, ఊకె చెయ్యొద్దు, లిథియం బ్యాటరీని మాటిమాటికి సున్నా దాక దించితే జల్ది అరుగుతది. అసలు శత్రువు వేడి. మా నల్గొండ ఎండలకు రేకుల ఇంట్ల పరుపు మీద పెట్టి వాడితే కింద గాలి సందులు మూసుకపోయి కాలుతది, గందుకే చెక్క పీట ఇచ్చిన, బ్రైట్‌నెస్ తగ్గిచ్చిన, 80 కాడ చార్జింగ్ ఆగేటట్టు సెట్టింగ్ పెట్టిన.