ఎత్తుకి ఎక్కలేని విమానం, ఇరవయ్యేళ్ళ పైలట్

లెస్లీ మాన్సర్ పుట్టింది మన ఢిల్లీలోనే, 1922 మే 11న. వాళ్ళ నాన్న ఇక్కడి పోస్ట్ అండ్ టెలిగ్రాఫ్ డిపార్ట్‌మెంట్‌లో ఇంజినీర్. చదువు ముందు డార్జిలింగ్ వైపు కుర్సియాంగ్‌లో విక్టోరియా స్కూల్లో, తర్వాత ఫ్యామిలీ ఇంగ్లండ్ వెళ్ళిపోతే అక్కడ ఆల్డెన్‌హామ్ స్కూల్లో. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ ఆర్మీకి వెళ్తానంటే వాళ్ళు తీసుకోలేదు, నేవీ వాళ్ళూ వద్దన్నారు, చివరికి 1940 ఆగస్టులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు రమ్మన్నారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు, మనోళ్ళు ఇంటర్ అయిపోయి కౌన్సెలింగ్ కోసం తిరిగే వయసు.

నిజానికి నేను చదవడం మొదలెట్టింది ఇతని గురించి కాదు, హైదరాబాద్ స్క్వాడ్రన్ గురించి. మొదటి యుద్ధంలో, 1918లో, నిజాం ఇచ్చిన డబ్బుతో విమానాలు కొన్నారని బ్రిటిష్ వాళ్ళు తమ 110వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు తగిలించారు, రెండో యుద్ధంలో కూడా అది అదే పేరుతో బాంబర్లు నడిపింది. అది చదువుతూ ఒకదాని మీంచి ఇంకోదానికి వెళ్తూ వెళ్తూ మాన్సర్ దగ్గర ఆగిపోయా.

బాంబర్ కమాండ్‌లో, అంటే బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో బాంబర్లు నడిపే విభాగంలో, విమానం ఎక్కేవాళ్ళంతా వాలంటీర్లే, బలవంతంగా ఎవర్నీ ఎక్కించలేదు. యుద్ధం మొత్తం మీద సుమారు లక్షా పాతిక వేల మంది ఎక్కితే 55 వేల పైనే తిరిగి రాలేదు. కాకపోతే ఒకసారి ఎక్కినాక ఇక నావల్ల కాదు అన్నవాడికి మాత్రం ధైర్యం చాలనివాడు అని రికార్డులో రాసేసి పరువు తీసేవాళ్ళు, అదీ వాళ్ళ పద్ధతి.

ఇక ఇతనికి దొరికిన విమానం పేరు మాంచెస్టర్. ఇంత పెద్ద బాంబర్‌కి రెండే ఇంజిన్లు, రోల్స్‌రాయిస్ వల్చర్ అని, అవి ఎప్పుడు మొరాయిస్తాయో తెలీదు, ఒకటి పోతే మిగిలిన దానితో ఇంటిదాకా రావడం చాలా కష్టం. తర్వాత ఇదే డిజైన్‌కి రెక్కలు పొడిగించి నాలుగు మెర్లిన్ ఇంజిన్లు పెడితే అదే లాంకాస్టర్ అయింది. అంటే బాగు చెయ్యొచ్చని తెలిసింది, చేస్తున్నారు కూడా, కానీ ఈలోగా పాతవాటిల్లో కూడా కుర్రాళ్ళని పంపుతూనే ఉన్నారు.

1942 మే 30 రాత్రి జర్మనీలో కొలోన్ మీద దాడి. బాంబర్ కమాండ్ అధిపతి ఆర్థర్ హారిస్‌కి ఒకే రాత్రి వెయ్యి విమానాలు పంపాలని పంతం, వెయ్యి అంటే పేపర్లో హెడ్‌లైన్ కదా. మామూలుగా అన్ని లేవు, అందుకని ట్రైనింగ్ యూనిట్ల నుంచి కూడా విమానాల్ని, మనుషుల్ని లాక్కొచ్చి 1,047 పోగేశారు. 50వ స్క్వాడ్రన్‌లో ఉన్న మాన్సర్ వంతుకి వచ్చింది 106వ స్క్వాడ్రన్ నుంచి తెచ్చిన ఒక మాంచెస్టర్, నంబర్ ఎల్ 7301. బాంబుల బరువుతో అది 7,000 అడుగులు దాటి ఎక్కనంది. వెనక్కి తిప్పుకుని వచ్చేసినా పెద్దగా తప్పు పట్టేవాళ్ళు కాదేమో. ఇతనేమో ఫిరంగుల గురి అంతా పైన ఎత్తులో వెళ్ళే విమానాల మీదే ఉంటుందిలే, మనం కిందనుంచి వెళ్ళిపోదాం అనుకున్నాడు.

అలా జరగలేదు. సెర్చ్‌లైట్లలో దొరికిపోయాడు, అయినా వంకర తిరక్కుండా వెళ్ళి బాంబులు వదిలాడు, ఆ తర్వాత తప్పించుకోడానికి 800 అడుగుల దాకా దిగిపోయాడు. వెనక గన్నర్‌కి గాయాలు, కాక్‌పిట్ నిండా పొగ. ఎలాగో 2,000 అడుగులకి లేపితే ఎడమ ఇంజిన్ అంటుకుంది, మంట రెక్క మీదికి పాకింది. అప్పుడే అందరూ దూకేస్తే ప్రాణాలు దక్కేవి, కానీ శత్రువుకి దొరికిపోతారు కదా అని ఇంటిదాకా కాకపోయినా వీలైనంత దూరం లాగుదామని చూశాడు. మంట ఆరింది గానీ ఎత్తు పోతూనే ఉంది. దొరికిందల్లా బయటికి విసిరేశారు, లాభం లేదు. బెల్జియంలో బ్రే అనే ఊరి దగ్గర ఇక దూకండి అన్నాడు. లెస్లీ బేవిస్టాక్ అనే సార్జెంట్ పారాచూట్ తెచ్చి ఇస్తే వద్దని చెయ్యి ఊపి, ఇంకొన్ని క్షణాలే దీన్ని నిలబెట్టగలను, నువ్వు దూకు అన్నాడట. కంట్రోల్ వదిలితే అది పక్కకి ఒరిగిపోతుంది, లోపలున్నవాళ్ళు దూకలేరు. వదల్లేదు.

అతను తప్ప మిగతా ఆరుగురూ బతికారు. బేవిస్టాక్ దూకిన ఎత్తుకి పారాచూట్ సరిగ్గా విచ్చుకోనే లేదు, నీళ్ళున్న కాలవలో పడ్డాడు కాబట్టి సరిపోయింది. నావిగేటర్ జర్మన్లకి చిక్కాడు. మిగతా ఐదుగుర్ని బెల్జియం జనం దాచిపెట్టి, కామెట్ లైన్ అనే రహస్య దారిలో ఫ్రాన్స్ మీదుగా పిరెనీస్ కొండలు దాటించి పంపేశారు. పట్టుబడితే ఆ దాచినవాళ్ళ గతి ఏమయ్యేదో చెప్పక్కర్లేదు, వాళ్ళ పేర్లు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

ఆ ఐదుగురు ఇంగ్లండ్ చేరి జరిగింది చెప్పబట్టే 1942 అక్టోబర్‌లో మాన్సర్‌కి విక్టోరియా క్రాస్, అంటే యుద్ధంలో ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం, ప్రకటించారు. ఆ ఒక్క రాత్రే 41 విమానాలు పోయాయి. అందరూ పోయిన వాటిల్లో చివరి నిమిషాల్లో ఎవరేం చేశారో చెప్పేవాళ్ళే లేరు, వాళ్ళకి మెడల్ ఎక్కడిది. కింద కొలోన్‌లో కూడా 460 మందికి పైగా చచ్చిపోయారు, 45 వేల మందికి ఇల్లు లేకుండా పోయింది, మాన్సర్ వేసినవి కూడా ఇళ్ళు తగలబెట్టే బాంబులే. ఇది చెప్పకుండా అతని ధైర్యం ఒక్కటే చెప్పడం నాకు నచ్చదు, అలాగని ఇది చెప్పి ఆ ధైర్యాన్ని కొట్టేయడం కూడా నావల్ల కావట్లేదు.

సమాధి బెల్జియంలోనే, లువెన్ దగ్గర హెవర్లీ యుద్ధ శ్మశానంలో ఉంది. ఇంగ్లండ్‌లో లింకన్ ఊళ్ళో, అతను చివరిసారి బయల్దేరిన స్కెలింగ్‌థార్ప్ ఎయిర్‌ఫీల్డ్ జాగాలో కట్టిన ప్రైమరీ స్కూల్‌కి అతని పేరే పెట్టారు. బేవిస్టాక్ ఏమో తర్వాత తనే సముద్రం మీద సండర్‌లాండ్ విమానాలకి పైలటై 1944లో రెండు జర్మన్ సబ్‌మెరైన్లని ముంచాడు, అది రాయాలంటే ఇంకో పోస్ట్ పడుతుంది.