నీటిని తాకకుండా శబరి ఉరవడిని కొలవడం

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. ఈ అంకెలన్నీ నీటి ఎత్తును చెబుతాయి. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తేవారికి కావలసింది మాత్రం క్యూసెక్కుల లెక్క, దానికి వేగం తెలియాలి.

మట్టాన్ని బట్టి ప్రవాహాన్ని చెప్పే పట్టికలు మన దగ్గర ఉన్నాయి. అయితే కూనవరం వద్ద గోదావరిలో కలిసే శబరి విషయంలో వాటిని నమ్మడం కష్టం. గోదావరి పోటు మీద ఉన్నప్పుడు శబరి నీరు ముందుకు సాగక ఎగదన్నుతుంది. చింతూరు వైపు మట్టం పెరుగుతూనే ఉంటుంది, ఉరవడి మాత్రం తగ్గిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పడవలో కూర్చుని, నీటి వేగానికి గిన్నెలు తిరిగే కొలత పరికరమైన కరెంట్ మీటరును నీటిలోకి దించి, చెవిలో వినిపించే టిక్కులను స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టేవాణ్ణి. వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు మీటరును కిందికి లాగి ఉంచే చేప ఆకారపు సీసపు దిమ్మ కూడా నిలవక, తీగ దిగువకు ఏటవాలుగా సాగిపోయేది. ఒకసారి వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్టు ఒకటి మా పడవను జానెడు దూరంలో దాటిపోయింది. కొలత కోసం మనుషుల్ని అటువంటి నీటిలోకి పంపకూడదని ఆనాడే అనిపించింది.

వంతెనకు బిగించే రాడార్ ఈ అవసరాన్ని తీరుస్తుంది. అది 24 గిగాహెర్ట్జ్ తరంగాలను ఏటవాలుగా నీటిపైకి పంపుతుంది. ఉపరితలంపై కదిలే సన్నని అలలకు తగిలి తిరిగి వచ్చేటప్పుడు వాటి పౌనఃపున్యం కాస్త మారుతుంది. 45 డిగ్రీల కోణంలో చూస్తే, సెకనుకు 3 మీటర్ల ఉరవడికి ఆ మార్పు సుమారు 340 హెర్ట్జ్. చీకటిలోనైనా, బురదనీటిలోనైనా ఇది పనిచేస్తుంది. నీరు అద్దంలా నిశ్చలంగా ఉంటే మాత్రం తిరిగి వచ్చే తరంగం దాదాపు ఉండదు. ఎదురుగాలి అలలను వెనక్కి నెట్టినా, జోరువాన చినుకులు అడ్డుపడినా కొలత తప్పుతుంది. స్తంభాల వెనుక ఏర్పడే సుడులు దాని చూపులో పడకుండా దానిని సాధారణంగా ఎగువకు తిప్పి బిగించాలి.

అది చెప్పేది పైనీటి వేగమే. అడుగున రాయి, ఇసుక రాపిడి వల్ల నీరు నెమ్మదిస్తుంది గనుక సగటు కోసం దానిని సాధారణంగా 0.85తో గుణిస్తారు, అంటే 3 మీటర్లు 2.55 అవుతుంది. ఈ గుణకం అన్నిచోట్లా ఒకటే కాదు. పైగా వేగాన్ని ప్రవాహంగా మార్చడానికి నది అడ్డకోత, అంటే గట్టు నుంచి గట్టుకు నీరు పారే వైశాల్యం, కావాలి; వరద అడుగును కోసేస్తే దాని పాత కొలతలు కూడా పనికిరావు. అందుకే రాడార్ బిగించిన చోట, నది శాంతంగా ఉన్న రోజుల్లో పడవ మీద వెళ్లి లోతులను, వేగాలను కొలిచి గుణకాన్ని సరిచూడాలి. ఆ పనికి నేను ఇప్పటికీ ఇష్టంగా వెళతాను.