తమాషా చేసేదెవరు, చూసేదెవరు

మా వదినది నిర్మల్. పెళ్లయి మహారాష్ట్రలో ఉన్న మా ధర్మాబాద్ వచ్చిన నెలలోపే పక్కింటి కాకుతో (మరాఠీలో కాకు అంటే పిన్ని) మాటలు బంద్. ఒకే ఒక్క మాట వల్ల.

కాకు మనవడికి నాలుగేళ్లు. తాత టోపీ పెట్టుకుని, చేతిలో చీపురుపుల్ల కర్రలా పట్టుకుని, తాతలాగే దగ్గుతూ చాయ్ కోసం కేకలేస్తున్నాడు. వదిన కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, కొత్తగా నేర్చుకున్న మరాఠీలో "కాకూ, తుమ్‌చా నాతూ లై తమాశా కర్తో" (మీ మనవడు భలే తమాషా చేస్తాడు) అంది. కాకు ముఖం మాడిపోయింది. పిల్లాణ్ణి చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లింది. వదిన ఒకటే టెన్షన్, మెచ్చుకున్నాను కదా, ఇందులో తప్పేముంది అని. ఉల్లిగడ్డలు కోస్తున్న అమ్మ తలెత్తకుండానే చెప్పింది: "గమ్మత్ అనాలె బిడ్డా. తమాశా అంటే వీళ్లకు వేరే ఉంటది."

మనకి తమాషా అంటే సరదా, వింత. మరాఠీలో "తమాశా కరణే" అంటే నలుగురిలో రచ్చ చేయడం. దుకాణంలో నేల మీద పడి దొర్లే పిల్లాడికి వాళ్లు "తమాశా నకో కరూ" అంటారు, అదే చోట మా అమ్మయితే "నకరాలు చెయ్యకు" అంటుంది. (నకరాలు కూడా పారశీకం నుంచి వచ్చిందే, తిట్టడానికి కూడా అరువే!) 1956 దాకా నిర్మల్, ధర్మాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే, అయినా మాట మాత్రం ఎవరి దారిన వాళ్లకు పోయింది.

అసలు తమాశా అంటే మహారాష్ట్ర జానపద నాటకం. మా నాందేడ్ జిల్లాలోనే మాళేగావ్ ఖండోబా జాతరకి వెళ్తే ఒకపక్క గుర్రాలు, గాడిదల సంత, ఇంకోపక్క తమాశా డేరాలు. ముందు గణపతి స్తుతి, తర్వాత గొల్లభామలు పాల్గొనే గౌళణ్, అందులో చీర కట్టిన మగవాడు మావశి, ఆపైన లావణి అనే ఆటాపాటా, చివర్లో వగ్ అనే కథ. నవ్వించడానికి మన యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ ఉన్నట్టు అక్కడ సోంగాడ్యా. ఈ నటన అంతా ఓవరాక్షన్ అనేవాళ్లూ ఉంటారు. మైకుల్లేని రోజుల్లో ఢోల్కీ, హల్‌గీ వాయిద్యాల మోతని దాటి చివరి వరుసలో ఉన్నవాడికి ఏడుపు ఏడుపులా అందాలంటే గుండెలు బాదుకోవాల్సిందే కదా, దాన్ని ఓవరాక్షన్ అంటే ఎలా? తమాశా కళాకారిణి విఠాబాయి నారాయణ్‌గావ్‌కర్ (1935–2002) గురించి చెప్పుకుంటారు, ఆట మధ్యలో నొప్పులొస్తే తెర వెనక కని, రాయితో బొడ్డు కోసుకుని, మళ్లీ వేదిక ఎక్కిందట. అలాంటి ఆట పేరు మొండి పిల్లల తిట్టయి కూర్చుంది. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

మాట పుట్టుక ఇంకా గమ్మత్తు. అరబ్బీలో నడక అనే ధాతువు నుంచి, కలిసి నడవడం అనే అర్థంతో వచ్చింది. పారశీకానికి వచ్చేసరికి షికారు తిరుగుతూ వింతలు చూడటం అయింది. ఇప్పటికీ ఇరాన్‌లో "తమాషా కర్దన్" అంటే చూడటమే, ఇంట్లో కూర్చుని టీవీ చూసినా అదే మాట. అంటే అక్కడ తమాషా చేసేవాడు ప్రేక్షకుడు, ఇక్కడ ఆడేవాడు! పారశీకం దక్కన్‌లో దర్బారు భాషయ్యాక మాట మనదాకా వచ్చి, చూసేవాళ్ల దగ్గర్నుంచి లేచి వేదికెక్కింది. మనం మాత్రం ఎవరైనా పని ముట్టుకోకుండా నిలబడితే "తమాషా చూస్తున్నావా?" అంటాం, ఆ చూపు ఇంకా వదల్లేదన్నమాట.

మర్నాడు అమ్మ గిన్నెలో సర్వపిండి ముక్కలు పెట్టి వదినని పంపింది. వదిన ఈసారి జాగ్రత్తగా "గమ్మత్" అంది. కాకు నవ్వేసి, మనవణ్ణి పిలిచి, నిన్నటి తాత వేషం మళ్లీ చూపించమంది. వాడు చూపించలేదు సరికదా, గడపలో పడి కాళ్లు తన్నుకుంటూ ఏడుపు మొదలుపెట్టాడు.

కాకు వదిన వైపు తిరిగి అంది: "బఘ్, ఆతా కర్తోయ్ తమాశా!" (చూడు, ఇప్పుడు చేస్తున్నాడు తమాశా!)