ఎనిమిదో రోజు దీపం ఎవరిది?

మన బడి పత్రిక ఈ సంచికలో ఎవరి భాషలో వాళ్లు రాయొచ్చన్నారు కాబట్టి నేను తెలుగులోనే రాస్తున్నాను. మా నాయన కరీంనగర్ నుంచి బొంబాయి మిల్లు పనికి వచ్చిన పద్మశాలి. మన బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయిది బెనె ఇజ్రాయెల్ యూదుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, ప్రార్థన హీబ్రూలో. వాళ్ల పూర్వీకులు కొంకణ తీరంలో గానుగలు ఆడించేవారు. యూదులు కాబట్టి శనివారం పని ముట్టుకునేవారు కాదు. అందుకే ఊళ్లోవాళ్లు వాళ్లని 'శనివార్ తేలీ' అనేవారు, అంటే శనివారం నూనెవాళ్లు.

1977, మేం ఏడో తరగతి. డిసెంబరులో వాళ్లకి హనుక్కా వచ్చింది. యెరూషలేము ఆలయంలో ఒక్క రోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని చెప్పుకునే పండుగ. మొదటి రాత్రి ఒక దీపం, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిదో రాత్రికి ఎనిమిది. వాటిని వెలిగించడానికి రోజూ 'షమాష్' అని ఇంకో దీపం. మొత్తం 44. ఆ 44 వత్తులూ మా అమ్మే చేసి పంపింది. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు చేసే చెయ్యి, ఆమెకి అదెంత పని!

వాళ్లింట్లో గోడకి ఒక చెక్క పలక ఉండేది. దానికి ఇత్తడి రింగులు, రింగుల్లో చిన్న గాజు గ్లాసులు. అడుగున నీళ్లు, పైన కొబ్బరినూనె, అందులో వత్తి. దీపాలు కుడి నుంచి పేరుస్తారు, వెలిగించడం మాత్రం ఎడమ నుంచి. అంటే ఆ రోజు కొత్తగా చేరిన దీపానికే ముందు వంతు.

గొడవంతా ఆ వంతుల దగ్గరే. నా స్నేహితురాలికి ఒక తమ్ముడు, ఐదో తరగతి, మన బడే. మొదటి రోజు తనదే కావాలని పట్టుబట్టి వాడు బేసి రోజులు తీసుకున్నాడు. అక్క మారు మాట్లాడకుండా సరి రోజులు తీసుకుంది. నాలుగు రాత్రులు గడిచాక వాడికి లెక్క తెలిసింది. ఐదో రోజు ఇంటర్వెల్‌లో నోట్‌బుక్ పట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ మా క్లాసుకి వచ్చాడు. "తాయీకి (అక్కకి) 20, నాకు 16" అన్నాడు. షమాష్ లెక్కలోకి రాదు, అది చెరో నాలుగు.

మా లెక్కల సార్ నోట్‌బుక్ అందుకుని నవ్వలేదు, వాడిని పంపించెయ్యలేదు. బోర్డు మీద 1 నుంచి 8 వరకు రాసి, అయిపోయిన నాలుగూ కొట్టేశారు. వాడికి 4, అక్కకి 6 అయ్యాయి. మిగిలిన రోజులు ఎలా పంచితే చెరో 18 వస్తాయని క్లాసుని అడిగారు. ఆరు, ఎనిమిది వాడికిస్తే సరిపోతుందని ముందు చెప్పింది నేనే. వేరే దారి లేదని కూడా చెప్పాను. సార్ "శాబాష్" అన్నారు. నా పక్కనున్న అమ్మాయి మొహం అప్పుడు చూశాను. ఎనిమిదో రోజు కోసమే కదా అది సరి రోజులు తీసుకుంది! రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లెక్క తప్పని మాత్రం అనలేదు. ఐదో రోజు, ఏడో రోజు తనే వెలిగించింది.

ఎనిమిదో రాత్రి వాళ్ల ఆజీ, అంటే బామ్మ, నన్నూ పిలిచింది. వాళ్ల నాన్న ఆశీర్వచనాలు చదివారు. తమ్ముడికి పలక అందలేదు, స్టూలెక్కాడు. ఒక కాలు పొట్టిదేమో, అది ఊగింది. అక్క వచ్చి రెండు చేతులతో స్టూలు పట్టుకుంది. "మూడోదాంట్లో నూనె తక్కువైంది", "చెయ్యి వణకనీయకు" అంటూ చివరిదాకా వాడిని వదల్లేదు. వాడు షమాష్‌ని ఒక్కో గ్లాసు దగ్గరికి తీసుకెళ్తుంటే ఆమె పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

నా స్నేహితురాలు పెళ్లయ్యాక ఇజ్రాయెల్‌లోని అష్‌దోద్ వెళ్లిపోయింది. తమ్ముడు ఠాణేలో ఉన్నాడు. ఇప్పుడు ఇద్దరి ఇళ్లలోనూ ఎనిమిది రాత్రులూ ఎవరివి వాళ్లవే. కానీ మనకి పొద్దు వాళ్లకంటే దాదాపు రెండు గంటలు ముందే గుంకుతుంది, కాబట్టి వాడే రోజూ ముందు వెలిగించి ఫోటో పంపుతాడు. పోయిన ఏడాది ఆమెతో ఫోన్‌లో మాట్లాడుతుంటే మధ్యలో ఆ ఫోటో వచ్చింది. "ఉండు" అని నన్ను ఆపి, ఒకటి, రెండు, మూడు అని మరాఠీలో లెక్కపెట్టింది.