ఆలస్యంగా తెలిసిన లెక్కల మాస్టారు

విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో నేను అయిదేళ్ళు చదివాను. అదే బడిలో కథారచయిత కాళీపట్నం రామారావుగారు 31 సంవత్సరాలు పనిచేశారనీ, అందరూ గౌరవంగా చెప్పుకొనే ‘కారా మాస్టారు’ మా బడి లెక్కల మాస్టారేననీ బడి విడిచిన చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. నేను చేరేనాటికే, 1979లో, ఆయన పదవీ విరమణ చేశారు. అయినా తప్పు నాదే. మార్కుల గురించి తప్ప మాస్టార్ల గురించి ఏనాడూ ఎవరినీ ఏమీ అడిగినవాణ్ణి కాను.

ఆయన 1924 నవంబరు 9న శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. ఇరవయ్యేళ్ళయినా నిండకముందే కథలు రాయడం మొదలుపెట్టిన మనిషిని నేను ఆలస్యంగా వికసించిన రచయిత అంటే, అలా అనవచ్చునా అని కొందరు మిత్రులు నాతో వాదించారు. అనవచ్చుననే నా అభిప్రాయం. తొలినాటి కథలు ఎన్ని ఉన్నా, కొన్నేళ్ళ పాటు కలం పక్కన పెట్టి, చుట్టూ ఉన్న లోకాన్ని మళ్ళీ మొదటి నుంచి అర్థం చేసుకొన్న తరువాత, నలభయ్యో పడి అంచున కూర్చుని రాసిన ‘యజ్ఞం’తోనే తెలుగు పాఠకులు ఆయన వైపు తలతిప్పి చూశారు. అది 1966లో ‘యువ’ పత్రికలో అచ్చయింది.

ఆ కథను డిగ్రీ రోజుల్లో సగం చదివి వదిలేశాను. ఎంతకీ తెగని పంచాయితీ, ఒక అప్పు, దానికి వెనకా ముందూ ఒక ఊరి చరిత్ర. ఇందులో కథ ఎక్కడుందని విసుక్కున్నాను. నా నెత్తిన ఇంటి అప్పు పడి, వడ్డీ ఎంత, అసలు ఎంత అని రాత్రిళ్ళు కాగితం మీద లెక్క కట్టుకొనే వయసు వచ్చాక మళ్ళీ చదివితే గాని అందులోని పద్ధతి బోధపడలేదు. సుందరపాలెంలో అప్పల్రాముడు తీర్చవలసిన బాకీని నిర్ణయించడానికి పెద్దలు కూర్చుంటారు. ఎవరూ దుర్మార్గంగా మాట్లాడరు, ఎవరి వాదన వారికి న్యాయంగానే కనిపిస్తుంది, ఊరు కూడా బాగుపడుతూనే ఉంటుంది. అయినా ఆ బాగుతోపాటే ఒక కుటుంబం భూమి పోగొట్టుకొని కూలికి దిగజారిపోతుంది. చివరికి కొడుకు సీతారాముడు, తన బిడ్డ కూడా ఆ బాకీ కింద బానిసగా బతకకూడదని, ఆ పసివాణ్ణి తన చేతులతోనే చంపుకుంటాడు. ఆ ముగింపు ఒప్పా తప్పా అని ఎన్నో వాదోపవాదాలు జరిగాయి. నాకు మాత్రం, ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా నల్లబల్ల మీద చేసి చూపించిన లెక్కకు కింద వచ్చిన జవాబులా తోస్తుంది. జవాబు నచ్చకపోతే వెనక్కి వెళ్ళి ఏ మెట్టు దగ్గర తప్పిందో చూసుకోవలసినది మనమే.

తరువాత వచ్చిన కథలు కొద్దివే. వాటిలో ‘కుట్ర’, ‘ఆర్తి’, ‘చావు’ వంటివి ఉన్నాయి. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేసరికి ఆయనకు డెబ్బయ్యేళ్ళు దాటాయి.

ఆ వయసులో ఎవరైనా సన్మానాలతో సరిపెట్టుకుంటారు. ఆయన మాత్రం 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ‘కథానిలయం’ ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా, వీలైతే అది మొదట అచ్చయిన పత్రికతో సహా, ఒకచోట దొరకాలన్నది దాని ఉద్దేశం. సొంత కథల కంటే ఇతరుల కథలను కాపాడడానికే ఆయన మలి జీవితమంతా వెచ్చించారు. ఒక కథకుడు ఇంత పని నెత్తికెత్తుకోవడం నేను వేరే ఎక్కడా వినలేదు.

ఆయన 2021 జూన్ 4న మరణించారు. నేను కథానిలయానికి వెళ్ళినది ఆ తరువాతే, ఇక్కడా ఆలస్యమే. బీరువాల్లో బైండు చేసిన పాత వారపత్రికలు వరుసగా ఉన్నాయి. ఒకటి తీసి పేజీ తిప్పబోతే, గోధుమరంగుకు తిరిగిన కాగితం అంచు పెళుసుగా విరిగి నా గోటికి అంటుకుంది. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకొని, ఆ ముక్కను మళ్ళీ దాని పేజీలోనే జాగ్రత్తగా పెట్టాను. వచ్చేటప్పుడు సందర్శకుల పుస్తకంలో సంతకం చేయమన్నారు. పేరు కింద ఊరు రాయవలసిన చోట కాసేపు ఆలోచించి, మా బడి పేరు రాశాను.